ఉర్బినో డ్యూక్ ఫెడెరికో: అంత చిన్న రాజ్యానికి అంత సొమ్ము ఎక్కడిది?

కొండవాగు (ప్రశ్న):

15వ శతాబ్దపు ఇటలీ మీద వరసగా వ్యాసాలు రాద్దామని నోట్సు పెట్టుకుంటున్నాను. ఉర్బినో పాలకుడు ఫెడెరికో డా మాంటెఫెల్ట్రో (1422–1482) దగ్గరికి వచ్చేసరికి లెక్క కుదరడం లేదు. తెలిసినవాళ్ళు కాస్త విడమరచి చెప్పండి.

ఉర్బినో అంటే అపెన్నైన్ కొండల నడుమ ఒక ఊరు. వెనిస్‌కున్న ఓడ వర్తకమూ లేదు, ఫ్లోరెన్స్‌కున్న బ్యాంకులూ లేవు. ఈయన కట్టించిన రాజప్రాసాదం, రాయించిన పుస్తకాలు చూస్తే మాత్రం కళ్ళు తిరుగుతాయి. పోనీ జనాన్ని పన్నులతో పిండాడా అంటే, ప్రజలు మెచ్చిన ప్రభువనే అందరూ రాస్తారు. మరి ఆ సొమ్ము ఎలా వచ్చింది?

రెండోది: ఒక పుస్తకం ఈయన 1444లో డ్యూక్ అయ్యాడంటుంది, ఇంకొకటి 1474లో అంటుంది. ముప్పై ఏళ్ళ తేడాని అచ్చుతప్పు అనుకోలేం కదా.

మూడోది: ఒక కన్ను పోయాక, పక్క చూపుకి అడ్డం రాకుండా ముక్కు దూలం కోయించుకున్నాడన్న కథ. నిజమేనా?

పాత దస్తావేజు:

డబ్బు సంగతి ముందు. ఫెడెరికో వృత్తి యుద్ధం చేయడం. ఇతర రాజ్యాలకు తన సైన్యాన్ని కిరాయికి ఇచ్చేవాడు. ఆ ఒప్పందాన్ని కొండొత్తా అంటారు, అది చేసుకున్న సేనాధిపతి కొండొత్తియెరె. పదహారో ఏట నికొలో పిచ్చినీనో అనే సేనాధిపతి దళంలో మొదలుపెట్టి, అరవయ్యో ఏట చనిపోయేదాకా ఇదే పని.

కిరాయి సైన్యం అనగానే దోపిడీ ముఠా గుర్తొస్తుంది గానీ, ఈ ఒప్పందాలు పక్కా కాగితాలు. వాటిని చదివేటప్పుడు నాలుగైదు విషయాలు పట్టుకోవాలి.

బలగాన్ని మనుషుల్లో లెక్కపెట్టరు, లాన్సుల్లో లెక్కపెడతారు. ఒక లాన్సు అంటే నిలువెత్తు కవచం తొడిగిన ఆశ్వికుడు, అతని సహాయకుడు, ఒక కుర్రాడు, వాళ్ళ గుర్రాలు. అందుచేత 300 లాన్సులు అని కనిపిస్తే 300 మంది అని రాసేయకండి, దాదాపు 900 మంది. సైన్యం సంఖ్యల్లో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కాల్బలం లెక్క విడిగా ఉంటుంది.

గడువు రెండు ముక్కలు. మొదటిది ఫెర్మా, అంటే కచ్చితంగా కొలువు చేయాల్సిన కాలం. రెండోది రిస్పెత్తో, అంటే కావాలనుకుంటే యజమాని పొడిగించుకోగల కాలం. ఈ రెండో గడువు తేలేదాకా సేనాధిపతి ఇంకొకరితో బేరం కుదుర్చుకోవడానికి వీల్లేదు. పొడిగిస్తారా లేదా అని ఎదురు చూసే ఆ రోజుల్లోనే రాయబారాలన్నీ జోరందుకునేవి.

సంతకం కాగానే ప్రెస్తాంజా అనే అడ్వాన్సు ఇస్తారు. గుర్రాలు కొనడానికి, మనుషుల్ని కూడగట్టడానికి అదే పెట్టుబడి. ఆ తర్వాత నెలనెలా వచ్చే జీతంలోంచి దాన్ని కోసుకుంటారు.

తర్వాత తనిఖీ. యజమాని తరఫు అధికారులు వచ్చి మనిషి మనిషినీ, గుర్రం గుర్రాన్నీ చూసి చిట్టాలో ఎక్కిస్తారు. గుర్రం రంగు, ఒంటి మీద మచ్చలు కూడా రాస్తారు, ఎందుకంటే ఒకే గుర్రాన్ని రెండు దళాల్లో చూపించడం ఆ రోజుల్లో పేరుమోసిన మోసం. తక్కువ తేలితే జీతంలో కోత. గుర్రం యుద్ధంలో చస్తే పరిహారం ఉంటుంది గానీ, చచ్చినట్టు రుజువు చూపించాలి.

ఇవన్నీ ఏ సేనాధిపతికైనా ఉన్నవే. ఫెడెరికోకి కలిసొచ్చినవి వేరే ఉన్నాయి. శాంతికాలంలో కూడా ఆయనకు జీతం వచ్చేది, యుద్ధకాలం కన్నా తక్కువైనా సరే. పని లేకుండా డబ్బెందుకిస్తారంటే, అవతలివాడి కొలువులో చేరకుండా ఉండటానికి. నేపుల్స్, మిలాన్, ఫ్లోరెన్స్ కూటమిగా ఉన్న రోజుల్లో ఆ భారాన్ని తలా కొంత పంచుకునేవారు కూడా. పైగా చాలామంది కొండొత్తియెరెలకు సొంత ఊరు ఉండదు. దళాన్ని చలికాలమంతా ఎక్కడ ఉంచాలి, ఏం పెట్టాలి అన్నదానికే సంపాదన హరించుకుపోయేది. ఫెడెరికోకి సొంత గడ్డ ఉంది. తన కొండ పల్లెల కుర్రాళ్ళే సైనికులు. నేపుల్స్ ఖజానాలోంచి వచ్చిన బంగారం జీతాల రూపంలో ఉర్బినో పల్లెల్లోనే ఖర్చయ్యేది. పన్నులు పెంచాల్సిన అవసరమే రాలేదు. మీరడిగిన చిక్కుముడి విడిపోయేది ఇక్కడే.

మిగిలింది పెట్టి నేల కూడా కొన్నాడు. 1445లో గలియాత్సో మలతెస్తా దగ్గర ఫోసొంబ్రోనే పట్టణాన్ని 13,000 ఫ్లోరిన్లకు (బంగారు నాణేలు) కొనేశాడు. అది చూసి రిమినీ ప్రభువు సిగిస్మోందో మలతెస్తా భగ్గుమన్నాడు. ఆ పగ దాదాపు ఇరవై ఏళ్ళు నడిచింది.

ఈ వ్యాపారంలో అసలు ప్రమాదం బాకీలు. జీతం నెలల తరబడి పేరుకుపోవడం అందరికీ మామూలే. ఈయనకు మిగతావాళ్ళకన్నా సజావుగా అందిందంటే కారణం నమ్మకం. గడువు తీరకుండా పక్షం ఫిరాయించడన్న పేరుంది. ఆ పేరుకే ధర పలికింది.

రాతిపలక:

1444, 1474 రెండూ సరైనవే, రెండు వేర్వేరు సంఘటనలకు.

తండ్రి గుయిదాంతోనియో కౌంటు, అంటే డ్యూక్ కన్నా కింది హోదా. ఫెడెరికో వివాహేతర సంతానం, తర్వాత పోప్ ఐదో మార్టిన్ చట్టబద్ధం చేశాడు. అసలు వారసుడు సవతి తమ్ముడు ఒడాంటోనియో. డ్యూక్ బిరుదు మొదట వచ్చింది అతనికే, 1443లో. ఏడాది దాటిన కొద్ది నెలలకే, 1444 జులై 22 తెల్లవారుజామున, ప్రాసాదంలోనే కుట్రదారులు అతన్ని నరికేశారు. ఫెడెరికో ఊరి గుమ్మంలోకి వచ్చి, పౌరులతో రాతపూర్వకంగా ఒడంబడిక చేసుకున్నాకే లోపలికి అడుగుపెట్టాడు. హంతకుల మీద కక్ష సాధించకూడదు, పన్నులు తగ్గించాలి అన్నవి అందులో ముఖ్యమైనవి. తమ్ముణ్ణి చంపినవాళ్ళకి క్షమాభిక్షతో పాలన మొదలైందంటే, ఈయనకు ముందే తెలుసా అన్న అనుమానం ఆనాటి నుంచీ ఉంది.

ఊరు వచ్చింది గానీ డ్యూక్ బిరుదు తమ్ముడితోనే పోయింది. ఫెడెరికో ముప్పై ఏళ్ళు కౌంటుగానే ఉన్నాడు. 1474లో పోప్ నాలుగో సిక్స్టస్ డ్యూక్‌ని చేశాడు. ఊరికే కాదు: ఫెడెరికో కూతురు జొవాన్నాను పోప్ సోదరుడి కొడుకు జొవాన్ని డెల్లా రోవెరెకి ఇచ్చే సంబంధం కూడా అప్పుడే కుదిరింది. అదే ఏడు ఇంగ్లండ్ రాజు గార్టర్ పట్టం, నేపుల్స్ రాజు ఎర్మిన్ పట్టం ఇచ్చారు, రెండూ రాజులు వీరులకిచ్చే గౌరవాలు.

వ్యాసం రాస్తున్నారు కాబట్టి పనికొచ్చే చిట్కా ఒకటి. ఉర్బినో ప్రాసాదంలో తలుపు చట్రాల మీద, పొయ్యి గూళ్ళ మీద, పైకప్పుల మీద రెండక్షరాల గుర్తు కనిపిస్తుంది. ఎఫ్ సి అని ఉంటే ఫెడెరికుస్ కోమెస్, అంటే కౌంటుగా ఉండగా చెక్కింది, 1474కి ముందుది. ఎఫ్ డి అని ఉంటే ఫెడెరికుస్ దుక్స్, ఆ తర్వాతది. గది గదికీ ఈ అక్షరాలు చూసుకుంటూ పోతే కట్టడం ఎటునుంచి ఎటు సాగిందో తెలిసిపోతుంది.

ఒక్కచోట మాత్రం మోసపోతారు. నడిమి ముంగిలి చుట్టూ పెద్ద లాటిన్ అక్షరాల శాసనంలో ఆయన్ని ఉర్బినో డ్యూక్, చర్చి ధ్వజధారి, ఇటలీ కూటమి సేనాధిపతి అని రాశారు. ఆ ముంగిలి నమూనా వాస్తుశిల్పి లుచానో లౌరానాది. ఆయన 1468లో నియామక పత్రం అందుకుని 1472లోనే ఉర్బినో వదిలి వెళ్ళాడు. అంటే శాసనం 1474 తర్వాతది, కట్టడం రూపకల్పన అంతకు ముందుది. శాసనం పట్టుకుని కట్టడానికి తేదీ వేస్తే తప్పు. లౌరానా తర్వాత పని చేపట్టింది సియెనా నుంచి వచ్చిన ఫ్రాంచెస్కో ది జార్జో మార్తీని. కొండ కింద సంత మైదానం నుంచి గుర్రం మీదే పైకి వచ్చేలా సర్పిలాకారపు వాలు దారి కట్టింది ఈయనే.

వర్ణపటం:

ముక్కు కథ గురించి.

ఖాయంగా తెలిసింది ఇంత: ఫ్రాంచెస్కో స్ఫోర్జా మిలాన్‌కు డ్యూక్ అయిన సందర్భంగా 1450లో ఉర్బినోలో జరిగిన ఆశ్విక పోటీలో, ప్రత్యర్థి బల్లెం శిరస్త్రాణం సందులోంచి దూరి ఫెడెరికో కుడి కన్ను పోయింది. ముక్కు దూలం దగ్గర ఆ గుంట అన్ని చిత్రాల్లోనూ కనిపిస్తుంది. వైద్యుడి చేత కోయించుకున్నాడన్నదానికి సమకాలీన ఆధారం గట్టిగా లేదు. కంటిని పొడిచిన బల్లెమే దూలాన్నీ విరగ్గొట్టి ఉండొచ్చు. కథ రంజుగా ఉందని వాస్తవంగా రాసేయకండి, "అని చెప్తారు" అని ఆపండి.

కన్ను పోయిన సంగతికి బలమైన సాక్ష్యం ఫ్లోరెన్స్‌లోని ఉఫిజి చిత్రశాలలో ఉన్న జంట పటం, ఒక పలకలో ఫెడెరికో, రెండోదాంట్లో భార్య. పియెరో డెల్లా ఫ్రాంచెస్కా చెక్క మీద తైలవర్ణాలతో వేశాడు. ఒక్కో పలక 47×33 సెంటీమీటర్లు, అంటే చేతుల్లో పట్టుకుని చూసేంత. ఇద్దరూ పక్కముఖాలు. ఆనాటి సంప్రదాయం ప్రకారం జంట చిత్రాల్లో భర్త మనకు ఎడమవైపు, భార్య కుడివైపు ఉండాలి. ఇక్కడ తారుమారైంది. ఫెడెరికో ఎడమ చెంప మాత్రమే చూపించాలంటే అతను ఎడమకు తిరిగి ఉండాలి. భార్యకు ఎదురుగా ఉండాలంటే అతను కుడి పలకలోకి పోక తప్పదు. పోయిన కన్ను కోసం మొత్తం అమరికే మారిపోయింది.

ఆ పలకల వెనకవైపు కూడా బొమ్మలున్నాయి. చాలా పుస్తకాలు అచ్చువేయవు, అది వాళ్ళ ఖర్మ. వెనక ఫెడెరికో రథాన్ని తెల్ల గుర్రాలు లాగుతుంటాయి, భార్య బతిస్తా స్ఫోర్జా రథాన్ని ఒంటికొమ్ము గుర్రాలు. కింద లాటిన్ పద్యాలు. ఆయన పద్యంలో క్రియ వర్తమానంలో ఉంది, ఆమె పద్యంలో భూతకాలం. బతిస్తా 1472 జులైలో చనిపోయింది. అందుకని ఈ పటం ఆమె పోయాక తయారైందని చాలామంది వాదన. వరసగా ఆడపిల్లల తర్వాత ఆ జనవరిలోనే కొడుకు గుయిదోబాల్దో పుట్టాడు.

రాతిపలక గారు చెప్పిన 1474 చిత్రాలకూ అక్కరకొస్తుంది. మిలాన్‌లోని బ్రెరా చిత్రశాలలో పియెరోదే పెద్ద బలిపీఠ చిత్రం ఉంది. ఫెడెరికో కవచంతో మోకాళ్ళ మీద ఉంటాడు, ఒంటి మీద గార్టర్ లేదు, ఎర్మిన్ లేదు. కాబట్టి 1474కి ముందుదని తేదీ వేస్తారు. ఎదుటి పక్కన, భార్య ఉండాల్సిన చోటు ఖాళీ. ఉర్బినోలో ఉన్న ఇంకో చిత్రం చూడండి: కవచం తొడుక్కుని కుర్చీలో కూర్చుని లావుపాటి పుస్తకం చదువుతుంటాడు, మోకాలి పక్కన పసివాడు గుయిదోబాల్దో. ఎడమ కాలికి మోకాలి కింద కట్టిన పట్టీ గార్టర్, మెడలో గొలుసు ఎర్మిన్‌ది. ఇది 1474 తర్వాతది. దీన్ని కొందరు పెడ్రో బెర్రుగెతె పేర, కొందరు యుస్టుస్ ఫాన్ గెంట్ పేర వేస్తారు. బొమ్మ కింద ఒక్క పేరే రాసి ఊరుకోవద్దు.

కొండవాగు:

ఎంతో సాయం చేశారు. ఇంకొక్కటి. ఒకచోట ఆదర్శ ప్రభువు అంటారు, ఇంకోచోట ఫ్లోరెన్స్‌లో పెత్తనం చేసిన మెదిచీ కుటుంబం హత్యకు కుట్ర పన్నాడంటారు. గ్రంథాలయానికి 30,000 డుకాట్లు (బంగారు నాణేలు) ఖర్చయిందన్న అంకె కూడా ఒకటి తిరుగుతోంది, నమ్మొచ్చా?

గూఢలిపి:

కుట్ర మాట అబద్ధం కాదు.

1478 ఏప్రిల్ 26న ఫ్లోరెన్స్ ప్రధాన చర్చిలో ప్రార్థన జరుగుతుండగా జూలియానో మెదిచీని పొడిచి చంపారు, అన్న లొరెంజో గాయంతో బయటపడ్డాడు. దీన్ని పాత్సీ కుట్ర అంటారు. ఫెడెరికో పాత్రకు ఆధారం 1478 ఫిబ్రవరి 14న రోమ్‌లోని తన రాయబారులకు రాయించిన సంకేతలిపి ఉత్తరం. ఉర్బినోలో ఒక కుటుంబపు దస్తరాల్లో ఉన్న దాన్ని చరిత్రకారుడు మార్చెల్లో సిమోనెత్తా విప్పి, 2004లో బయటపెట్టాడు. ఫ్లోరెన్స్ బయట 600 మంది సైనికుల్ని సిద్ధంగా ఉంచడానికి ఫెడెరికో ఒప్పుకున్నాడని తేలింది. లొరెంజో బతికిపోవడంతో వాళ్ళు లోపలికి అడుగుపెట్టలేదు.

ఆ లిపిని విప్పడానికి వాడిన సాధనం ఆ కాలానిదే. మిలాన్ కార్యదర్శి చిక్కో సిమోనెత్తా 1474లో, తాళం (ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే పట్టిక) లేకుండా సంకేతలిపి ఎలా చదవాలో కొన్ని సూత్రాలు రాసిపెట్టాడు. అందులో మొదటి మెట్టు భాష తేల్చుకోవడం. ఇటాలియన్ మాటలు దాదాపుగా అచ్చులతోనే ముగుస్తాయి. కాబట్టి మాటల చివర వచ్చే గుర్తులు ఐదుకు మించకపోతే అది ఇటాలియన్, మించితే లాటిన్. భాష తేలాక ఒంటి అక్షరం మాటలు, మళ్ళీ మళ్ళీ వచ్చే గుర్తులు పట్టుకుని ముందుకు పోతారు. అందుకే గట్టి సంకేతలిపిలో ఒకే అక్షరానికి రెండు మూడు గుర్తులు, నడుమ అర్థం లేని ఉత్త గుర్తులు కలిపేవారు.

నా లెక్కలో ఇంతకన్నా పెద్ద మచ్చ వొల్తెర్రా. పటిక గని హక్కుల మీద ఆ ఊరు ఫ్లోరెన్స్‌పై తిరగబడింది. బట్టల అద్దకానికి పటిక ప్రాణం, ఫ్లోరెన్స్ బతుకు బట్టల మీద. లొరెంజో 1472లో ఫెడెరికోను పంపాడు. ప్రాణాలకూ ఆస్తులకూ హామీ ఇస్తే ఊరు లొంగిపోయింది. తలుపులు తీశాక సైనికులు ఊరంతా దోచారు. ఆపలేకపోయాడా, ఆపలేదా అన్నది ఇప్పటికీ తగాదాయే. ఫ్లోరెన్స్ మాత్రం ఘనంగా సన్మానించి వెండి శిరస్త్రాణం బహుకరించింది. ఆ దోపిడీలో ఒక యూదు వర్తకుడి ఇంటి నుంచి తెచ్చిన భారీ హీబ్రూ బైబిలు ఈనాటికీ వాటికన్‌లో ఉంది. నమ్మకానికి ధర పలికింది అని పాత దస్తావేజు గారన్నారు. యజమానుల దగ్గర ఆ మాట నిజమే, గోడ లోపల ఉన్నవాళ్ళకి ఆ హామీ వర్తించలేదు.

రాజకీయంలో మాత్రం పగలూ స్నేహాలూ చూసుకోలేదు. జీవితాంతం సిగిస్మోందో మలతెస్తాతో పోరాడినవాడు, 1468లో అతను చనిపోయాక రిమినీని పోప్ మింగబోతే, సిగిస్మోందో కొడుకు రొబెర్తో పక్షాన నిలబడి 1469లో పోప్ సైన్యాన్నే ఓడించాడు. పక్కింట్లోకి పోప్ వస్తే రేపు తన వంతే అని తెలుసు. తర్వాత రొబెర్తోకి కూతుర్నిచ్చాడు.

రాతిపలక:

గ్రంథాలయం లెక్క. 30,000 డుకాట్లు అన్న అంకె ఇచ్చింది వెస్పాసియానో ద బిస్తిచ్చి, ఫ్లోరెన్స్ పుస్తక వర్తకుడు. అచ్చు పుస్తకం ఒక్కటున్నా ఫెడెరికో సిగ్గుపడేవాడన్న మాటా ఆయనదే. చేతిరాత ప్రతులు అమ్ముకునే మనిషి అచ్చు యంత్రాన్ని మెచ్చుకుంటాడా చెప్పండి. అంకెను "వెస్పాసియానో చెప్పిన ప్రకారం" అని రాయండి. ఫెడెరికో చనిపోయేనాటికి సుమారు 900 రాతప్రతులు ఉన్నాయన్నది మాత్రం నమ్మదగ్గ అంచనా. 1657లో పోప్ ఏడో అలెగ్జాండర్ వాటిని రోమ్‌కి తరలించాడు. ఇప్పుడు వాటికన్ గ్రంథాలయం డిజిటల్ సేకరణలో ఉర్బినో విభాగం కింద ఉచితంగా చూడొచ్చు. లాటిన్ వరసలో 1, 2 సంఖ్యలవి ఫెడెరికో కోసం 1476–78లో రాయించిన బైబిలు రెండు సంపుటాలు. 365 సంఖ్యది కవి దాంతే కావ్యానికి బొమ్మల ప్రతి. పుటల మీద ఆయన చిహ్నాలు, అక్షరాలు వెతకండి, ఇందాక చెప్పిన తేదీ చిట్కా అక్కడా పనిచేస్తుంది.

చదువు గది గురించి కూడా ఒక జాగ్రత్త: ఆయనవి రెండు చదువు గదులు, పుస్తకాల్లో బొమ్మలు కలిసిపోతుంటాయి. ఉర్బినోలోది 1476 నాటిది, చెక్కపొదుగు పలకలు అక్కడే ఉన్నాయి. గోడ పైభాగంలో ఉన్న 28 మహనీయుల చిత్రాల్లో సగం మాత్రం పారిస్‌లోని లూవ్‌లో ఉన్నాయి. గుబ్బియో అనే ఊళ్ళో ఆయనకున్న ఇంకో ప్రాసాదంలోది పూర్తిగా విప్పి తీసుకుపోయారు, 1939 నుంచి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దాన్ని అక్రోటు చెక్క మీద బీచి, రోజ్‌వుడ్, ఓకు, పళ్ళచెట్ల చెక్క ముక్కలు పొదిగి చేశారు. సగం తెరిచిన బీరువా తలుపుల నీడలు గదికి అసలు కిటికీ ఉన్న వైపును బట్టే పడతాయి. ఉర్బినో గదిలోది అయితే కింద గట్టు మీద ఉడుత కాయ కొరుకుతూ కనిపిస్తుంది, తేడా పట్టుకోవడానికి అది చాలు.

పాత దస్తావేజు:

మరణం దగ్గర ఒక తేదీ సరిచూసుకోండి. ఫెర్రారా యుద్ధంలో వెనిస్‌కు ఎదురు నిలిచిన కూటమికి ఫెడెరికో సేనాధిపతి. చిత్తడి నేలల్లో జ్వరం తగిలి 1482 సెప్టెంబర్ 10న ఫెర్రారాలో పోయాడు. అవతలి పక్షంలో ఉన్న అల్లుడు రొబెర్తో మలతెస్తా కూడా అదే రోజు రోమ్‌లో చనిపోయాడు. రెండు చావుల్నీ ఒకే యుద్ధభూమిలో కలిపేసి రాసినవి కనిపిస్తాయి, అది తప్పు.

కొడుక్కి అప్పుడు పదేళ్ళు. గుయిదోబాల్దోకి ఒప్పందాలు దొరికాయి గానీ తండ్రి పేరుకున్న ధర రాలేదు, 1502లో అప్పటి పోప్ కొడుకు చెజారె బోర్జా ఊరు లాక్కున్నప్పుడు పారిపోవాల్సి వచ్చింది. తిరిగి వచ్చాడు గానీ సంతానం లేకుండా 1508లో చనిపోయాడు. 1474లో కుదిరిన ఆ డెల్లా రోవెరె సంబంధం అప్పుడు పనికొచ్చింది: జొవాన్నా కొడుకు ఫ్రాంచెస్కో మరియా డ్యూక్ అయ్యాడు. ఆ వంశమూ 1631లో ఆగిపోయి, ఉర్బినో పోప్ ఏలుబడిలోకి పోయింది.